జడ్జిని ఎన్నుకోవాలా, నియమించాలా: ఏది మేలు?

అమెరికాలో కొత్తగా పౌరసత్వం వచ్చి, టెక్సాస్‌లో మొదటిసారి ఓటు వేయబోయే తెలుగువాళ్లకు అసలు టెన్షన్ ప్రెసిడెంట్ దగ్గర కాదు, జడ్జీల దగ్గర. అక్కడ జిల్లా కోర్టు జడ్జీలు పార్టీ టికెట్ మీదే నిలబడతారు. పదవి నాలుగేళ్లు. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ బ్యాలెట్‌లో ఇలాంటి సీట్లు పదుల సంఖ్యలో వస్తాయి. ఏ కోర్టు, ఎవరి పేరు, ఏ పార్టీ అన్నదే కనిపిస్తుంది. ఆ మనిషి విడాకుల కేసును ఓపికగా వింటాడా, బెయిల్ అడిగితే కసురుకుంటాడా అన్నది ఎక్కడా ఉండదు. దాంతో చాలామంది పార్టీ చూసి నొక్కేస్తారు.

2018లో ఆ కౌంటీలో డెమొక్రాట్ల గాలి వీచింది. పదవిలో ఉన్న రిపబ్లికన్ జడ్జీలు, పని తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ, ఒకే రాత్రి ఇంటిదారి పట్టారు. అదే రాత్రి 17 మంది నల్లజాతి మహిళలు జడ్జీలుగా గెలిచారు. జడ్జీల ఎంపికను రాష్ట్రాన్ని నడిపే గవర్నర్ చేతిలో పెడితే ఒక్కసారిగా అంతమందికి చోటు దక్కేదని నేననుకోను. ఓటు పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయలేనిది ఇందుకే. కానీ ప్రచారానికి డబ్బు కావాలి. విరాళాలిచ్చేవాళ్లలో లాయర్లే ఎక్కువ. రేపు అదే జడ్జి ముందు వాదించేదీ వాళ్లే.

కాలిఫోర్నియాలో సుపీరియర్ కోర్టు (కౌంటీ స్థాయి విచారణ కోర్టు) జడ్జి పదవి ఆరేళ్లు, బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. కాగితం మీద అదీ ఎన్నికే. అయితే మధ్యలో ఖాళీ పడితే గవర్నర్ నింపుతారు, ఎక్కువమంది బెంచి ఎక్కేది ఆ దారిలోనే. నియామకానికి ముందు స్టేట్ బార్ (రాష్ట్ర లాయర్ల సంస్థ) కమిషన్ ఆ మనిషితో పనిచేసిన లాయర్లను, జడ్జీలను గోప్యంగా వాకబు చేస్తుంది. ఓటరుకు దొరకని సమాచారం అదే. విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో శాక్రమెంటో కౌంటీ జడ్జి అయింది ఈ దారిలోనే. అంతకుముందు 2022 నుంచి అదే కోర్టులో కమిషనర్‌గా, అంటే జడ్జి కింద కొన్ని రకాల కేసులు చూసే అధికారిగా, కేసులు విన్నారు. అంటే పనితీరు చూశాకే పదవి ఇచ్చారు.

అక్కడా ఓటు భయం లేకపోలేదు. లైంగిక దాడి కేసులో స్టాన్‌ఫర్డ్ విద్యార్థికి ఆరు నెలల జైలు చాలన్న జడ్జి ఆరన్ పెర్‌స్కీని 2018లో జనమే ఓటేసి దించేశారు. ఆ శిక్ష తక్కువేనని నాకూ అనిపిస్తుంది. కానీ దాని తర్వాత మిగతా జడ్జీలు ఎటు మొగ్గుతారో ఊహించండి: శిక్ష తగ్గిస్తే కుర్చీ పోతుంది, పెంచితే అడిగేవాడుండడు.

"తప్పు చేస్తే జనమే దించుతారు" అనేవాళ్లు పెన్సిల్వేనియాలోని లూజర్న్ కౌంటీ సంగతి చూడాలి. మార్క్ సియావరెల్లా 1995లో ఎన్నికై, పిల్లల విషయంలో కఠినుడని పేరు తెచ్చుకున్నాడు. వైస్ ప్రిన్సిపల్‌ను వెక్కిరిస్తూ ఇంటర్నెట్‌లో పేజీ పెట్టిన అమ్మాయిని, లాయర్ కూడా లేకుండా, నిమిషాల్లో విచారణ ముగించి నిర్బంధ కేంద్రానికి పంపాడు. అలాంటి ప్రైవేటు కేంద్రాలతో సంబంధం ఉన్నవాళ్ల నుంచి అతనికీ, తోటి జడ్జికీ డబ్బు ముడుతోంది. ఇదంతా బయటపడకముందు, 2005లో అతన్ని పదవిలో ఉంచాలా వద్దా అని అడిగితే ఓటర్లు ఉంచమన్నారు. చివరికి ఫెడరల్ కేసు పెట్టాల్సి వచ్చింది, 2011లో 28 ఏళ్ల శిక్ష పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మరి మన పద్ధతి? జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. విరాళాల గొడవ లేదు, బదిలీలుంటాయి కాబట్టి ఊళ్లో పాతుకుపోయే అవకాశం తక్కువ. కానీ మార్కులకు ఓపిక తెలియదు. మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025లో మళ్లీ షరతు పెట్టింది, మంచిదే.

టెక్సాస్, కాలిఫోర్నియా, మన పద్ధతి, ఈ మూడింటిలో నా ఓటు కాలిఫోర్నియాకే: లోపలికి వచ్చేటప్పుడు వాకబు, తర్వాత జనం చేతిలో ఒక పగ్గం. దించే పని మాత్రం ఒక్క తీర్పు మీద కోపంతో కాకుండా క్రమశిక్షణ కమిషన్ ద్వారా జరగాలి. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఈ ఎంపిక లేదు. హ్యూస్టన్‌వాళ్లయితే స్థానిక బార్ అసోసియేషన్ లాయర్లను అడిగి జడ్జీల మీద వెలువరించే పోల్ ఒకటుంటుంది, బూత్‌కు వెళ్లే ముందు రాత్రి అదొక్కటైనా చూసి వెళ్లండి.