మగ గెకోను వెంటనే అమ్మని దుకాణం

డల్లాస్ శివారులో మా ఇంటికి అరగంట దూరాన, భార్యాభర్తలు ఇద్దరే నడుపుకునే ఒక చిన్న సరీసృపాల దుకాణం ఉంది. గత ఏడాది జనవరిలో మా అమ్మాయిని వెంటబెట్టుకొని ఒక మగ లెపర్డ్ గెకోను, అంటే ఒంటిమీద మచ్చలుండే పెంపుడు బల్లిని, కొనడానికి అక్కడికి వెళ్లాను. మూడేళ్లుగా మా ఇంట్లో ఉన్న ఆడ గెకోకు జత తేవాలని, గుడ్లు పొదిగి పిల్లలు బయటికి రావడం చూడాలని పదిహేనేళ్ల మా అమ్మాయి కోరిక. చేతిలో డబ్బు ఉంది, కళ్లెదుట మగ గెకో ఉంది, అయినా యజమానురాలు అమ్మడానికి ఒప్పుకోలేదు. "పుట్టబోయే పిల్లలు ఎవరెవరి ఇళ్లకు వెళతాయో రాసుకొని రండి, ఆ తరువాత మాట్లాడుకుందాం" అని రెండు పుటల కాగితం చేతికిచ్చి పంపించారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. పద్నాలుగు నెలలు గడిచాక చూస్తే, ఆ దుకాణం మాకు చేసిన మేళ్లలో అన్నింటికంటే పెద్దది అదేనని అనిపిస్తోంది.

కాగితం మొదటి పుటలో ఉన్నది ఒక లెక్క. ఆడ లెపర్డ్ గెకో విడతకు సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. ఒక్కసారి జతకట్టినా వీర్యాన్ని శరీరంలో నిల్వ ఉంచుకొని, కొన్ని వారాల ఎడంతో ఆ ఋతువంతా మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టగలదు. ఐదారు విడతలంటే పది పన్నెండు పిల్లలు. పుట్టిన పిల్ల మూడు గ్రాములే ఉంటుంది గనుక చిన్న డబ్బాలో ఇమిడిపోతుంది, కానీ సరిగా పెంచితే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. కలిపి ఉంచితే ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి, ఎదిగిన మగవి రక్తం వచ్చేలా పోట్లాడుకుంటాయి, కాబట్టి ప్రతి పిల్లకూ విడిగా ఒక గూడు, ఒక వెచ్చని మూల, ఒక నీటి గిన్నె కావాలి. ఇళ్లు దొరకకపోతే ఆ పన్నెండు గూళ్లూ మా ఇంట్లోనే ఉంటాయని, అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక వాటి బాధ్యత నా మీదే పడుతుందని ఆ పుట చదివాకే నాకు అర్థమైంది.

రెండో పుటలో పిల్లను తీసుకోబోయేవారిని మేము అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. పిల్ల రాకముందే గూడు సిద్ధం చేసి, వెచ్చని వైపు వేడి తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉందని థర్మామీటరుతో చూపించగలరా? బతికున్న పురుగులను ఇంట్లో ఉంచుకోవడానికి ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారా? అద్దె ఇల్లయితే యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారా? సరీసృపాల ద్వారా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదం ఉంది గనుక ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఎవరైనా ఉన్నారా? సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడు దగ్గరలో ఉన్నాడా? వీటికి మేము మరొక రెండు చేర్చుకున్నాం. వేసవిలో ఐదు వారాలు ఇండియా వెళితే ఎవరు చూసుకుంటారు, ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టమేనా అన్నవి అవి. బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలితం చూసుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. ఆ నమ్మకాన్ని తక్కువ చేయకుండా ముందే అడగడం గెకోకూ మంచిది, ఆ పెద్దలకూ మంచిది.

ఆఫీసులోనూ, గుడిలో ఆదివారం తెలుగు తరగతికి వచ్చే కుటుంబాల్లోనూ అడిగితే మొదటి వారంలోనే పద్నాలుగు మంది "మాకొకటి ఇవ్వండి" అన్నారు. దుకాణంవారు ఆ జాబితా చూసి, రెండో పుట పూర్తిచేసినవారి పేర్లే లెక్కలోకి వస్తాయని చెప్పారు. ప్రశ్నలన్నీ అడిగాక మిగిలింది ఐదు ఇళ్లు. పిల్ల ధర నలభై డాలర్లే అయినా గూడు, వేడి పరికరం, థర్మోస్టాట్, కాల్షియం పొడి కలిపి రెండు వందలు దాటుతుందని తెలిసి నలుగురు ఆగిపోయారు. ఇండియా ప్రయాణం దగ్గర ముగ్గురు, అద్దె ఇంటి దగ్గర ఇద్దరు వెనక్కి తగ్గారు. వారెవరినీ తప్పుపట్టను. పిల్లలు పుట్టాక ఈ సంగతులు బయటపడి ఉంటే ఆ తొమ్మిది గెకోలు ఎక్కడ ఉండేవో తలచుకుంటే మాత్రం ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇళ్లు కుదిరినా మరొక పరీక్ష మిగిలింది. మా గెకో వంశం వివరాలున్న కాగితాలు చూపించమన్నారు. ఎనిగ్మా అనే రంగు వంశంలో పుట్టినవి చాలావరకు తల వంచుకొని గుండ్రంగా తిరుగుతూ, పురుగును గురిచూసి పట్టలేని నరాల లోపంతో బాధపడతాయి. లెమన్ ఫ్రాస్ట్ రంగునిచ్చే జన్యుమార్పే చర్మం మీద కణితులను కూడా తెస్తుందని 2021లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అందానికి కొన్న పిల్ల రోగంతో కుంగిపోతే ఎంత మంచి ఇల్లయినా ఏం చేయగలదని యజమానురాలు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా గెకోకు ఆ వంశాలతో సంబంధం లేదని, బరువు అరవై రెండు గ్రాములు ఉందని చూశాకే మార్చిలో మగదాన్ని అమ్మారు. సలహాకు తీసుకున్న నలభై డాలర్లను దాని ధరలో తగ్గించారు.

రెండు నెలలు మగదాన్ని వేరే గదిలో విడిగా ఉంచి, మలపరీక్ష చేయించి, మే చివర జత చేశాం. ఐదు ఇళ్లే ఉన్నాయి గనుక మొదటి మూడు విడతల గుడ్లను మాత్రమే ఇంక్యుబేటరులో పెట్టమని, తరువాతి వాటిని పెట్టిన రోజే, లోపల పిండం పెరగకముందే, ఫ్రీజరులో ఉంచమని దుకాణంవారు చెప్పారు. మా అమ్మాయికి అది కష్టంగా తోచింది. రెండు రోజులు మాట్లాడలేదు, ఆ తరువాత తానే ఆ పని చేసింది. పొదిగిన ఆరు గుడ్లలో ఒకటి బూజు పట్టి పాడైంది, ఐదు పిల్లలయ్యాయి. అవి క్రమంగా తిని బరువు పెరుగుతున్నాయని తేలేదాకా, అంటే అక్టోబరు దాకా, మా దగ్గరే ఉంచుకొని అప్పుడు పంపించాం.

లోపాలు కూడా చెప్పాలి. దుకాణం శుక్రవారం నుంచి ఆదివారం వరకే తెరుస్తారు, ఫోను ఎత్తడం అరుదు, ఈమెయిలుకు జవాబు రావడానికి వారం పడుతుంది. గుడ్లు పెట్టిన రాత్రి అడగవలసింది ఎంతో ఉండగా ఆ ఆలస్యం మమ్మల్ని చాలా ఆందోళనపెట్టింది. సంరక్షణ సూచనలు ఇంగ్లీషులో మాత్రమే ఇస్తారు. మేము పిల్లలను ఇచ్చిన ఇళ్లలో రెండింట పగటిపూట వాటిని చూసేది ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, నానమ్మ. వారి కోసం నేనే తెలుగులో రాసి గూటి మీద అంటించాను. కొరియరులో పంపే ఏర్పాటు కూడా లేదు, హ్యూస్టన్‌లోని కుటుంబానికి ఇవ్వడానికి నాలుగు గంటలు కారు నడిపాను.

అయితే ఈ దుకాణానికి నేను ఐదుకు ఐదు నక్షత్రాలు ఇవ్వడానికి కారణం ఈ ఏడాది జనవరిలో జరిగిన ఒక సంఘటన. పిల్లను తీసుకున్న ఒక కుటుంబం ఉద్యోగం మారి, జంతువులను అనుమతించని ఇంట్లోకి వెళ్లవలసి వచ్చింది. ఏ వయసులోనైనా, ఏ కారణానికైనా గెకోను తిరిగి తీసుకుంటామని దుకాణంవారు కాగితం చివర రాసి ఇచ్చారు. శనివారం ఉదయం తీసుకువెళితే మమ్మల్నీ ఆ కుటుంబాన్నీ ఒక్క మాట అనకుండా, తూకం వేసి, ముప్పై ఒక్క గ్రాములని రాసుకొని, ముందే సిద్ధం చేసిన గూట్లో పెట్టారు. మూడు వారాల తరువాత అదే రెండు పుటలు నింపిన ఒక పాఠశాల ఉపాధ్యాయురాలికి ఇచ్చారు.

ఈ వసంతానికి మా జాబితాలో ఇప్పటికి రెండు పేర్లే ఉన్నాయి. అందులో ఒకరి గూడు ఇంకా సిద్ధం కాలేదు. మగ గెకో తన గదిలోనే, తన గూట్లోనే ఉంది.