మంట ఆరితే గ్యాస్ ఆగే హాబ్: మూడేళ్లు దాటి వాడాక

ఎన్ని బర్నర్లు, గ్లాసు ఎంత మందం, వారంటీ ఎన్నాళ్లు అన్నవి షాపువాళ్లే చెప్తారు. నేను రాస్తున్నది ఒక్క ఫీచర్ గురించే. ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ అంటారు, షాపుల్లో ఎఫ్ఎఫ్‌డీ అని పలుకుతారు. పొయ్యి మీద మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు. కాకినాడలో మా ఇంట్లో మూడేళ్లు దాటి వాడుతున్నాం. ఈ హాబ్, అంటే వంటగట్టులో బిగించే గ్యాస్ పొయ్యి, కొన్నదే దాని కోసం.

కారణం అమ్మ. ఆవిడకి డెబ్బై దాటాయి. వంటిల్లు ఇప్పటికీ ఆవిడదే, ఎవరికీ ఇవ్వదు. కానీ కొంతకాలంగా వాసన తెలియడం లేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినా "ఏమీ రావట్లేదే" అంటుంది. పోపు మాడిందని ఇంకొకరు చెప్పాలి. గ్యాస్ దగ్గర ఇది చిన్న సంగతి కాదు. ఎల్‌పీజీకి తనకంటూ వాసన ఉండదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు, మనకు కొట్టే కంపు దానిదే. అంటే మన వంటిళ్లలో జాగ్రత్త అంతా ముక్కు మీదే నడుస్తోంది. అదే పనిచెయ్యని మనిషి పగలంతా ఒంటరిగా పొయ్యి దగ్గర ఉంటే, ఆఫీసులో కూర్చున్న నాకు ఒకటే టెన్షన్.

ఇందులో నాకు బాగా నచ్చింది దాని పద్ధతి. ప్రతి బర్నర్ పక్కనా రెండు చిన్న కడ్డీలు నిలబడి ఉంటాయి. తెల్ల పింగాణీ తొడుగు ఉన్నది నిప్పురవ్వ పుట్టించేది. రెండోది థర్మోకపుల్. మంట తగిలి దాని కొస వేడెక్కితే కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది. లోపలి వాల్వ్‌ని తెరిచి పట్టుకోవడానికి అక్కడున్న చిన్న విద్యుదయస్కాంతానికి ఆ కాస్త చాలు. మంట పోతే కొస చల్లారుతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు వాల్వ్‌ని మూసేస్తుంది. ఇంటి కరెంటుతో గానీ, బ్యాటరీతో గానీ దీనికి పనిలేదు. కరెంటు పోయినా పనిచేస్తుంది. ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకుని ఆన్ చెయ్యక్కర్లేదు.

అది పనిచేస్తుందని కాగితం మీద చదవడం వేరు. ఒక ఆదివారం అమ్మ పాలు సిమ్‌లో పెట్టి కూరలబండి దగ్గరికి వెళ్లింది. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను. పాలు పొంగి బర్నర్ మీద పడిన చప్పుడు వినిపించింది. లేచి వచ్చేసరికి మంట లేదు, నాబ్ మాత్రం సిమ్ దగ్గరే ఉంది. గిన్నె కిందనుంచి గ్యాస్ సన్నగా వస్తున్న చప్పుడు ఇంకా వినబడుతోంది, వాసన కూడా మొదలైంది. నాబ్ మీద చెయ్యి వేసేలోపే లోపలినుంచి టక్కుమని శబ్దం వచ్చింది. అంతే, ఆ చప్పుడు ఆగిపోయింది. పొంగు మొదలైన దగ్గర్నుంచి లెక్కేసినా అరనిమిషం అయ్యుండదు. కాసేపటికి అమ్మ బెండకాయలతో లోపలికి వచ్చి, పాలన్నీ పోయాయే అని నొచ్చుకుంది. ఆవిడకి గ్యాస్ వాసన ఏమీ తెలియలేదు. పాత పొయ్యి అయితే నేను ఇంట్లో లేని రోజున ఆవిడ అలాగే వచ్చి, మంట ఆరిందని చూసి మళ్లీ లైటర్ నొక్కేది. ఆ సాయంత్రమే అక్కకీ, మా పిన్నికీ ఫోన్ చేసి ఇలాంటిదే కొనమని గట్టిగా చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఎందుకో చెప్తాను.

రెండో ఏడాది దాటాక చిన్న బర్నర్ పేచీ పెట్టింది. ఈ హాబ్ వెలిగించాలంటే నాబ్ నొక్కి తిప్పి, మంట వచ్చాక కూడా కొస వేడెక్కేదాకా కొన్ని సెకన్లు నొక్కే ఉంచాలి. ఆ కొన్ని సెకన్లు మెల్లగా పెరిగాయి. చివరికి ఎంతసేపు నొక్కినా, "ఇదేంటే, చెయ్యి తీస్తే ఆరిపోతోంది?" అని అమ్మ గోల. దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని పిలిచాం. ఆయన బర్నర్ మూత కూడా తియ్యలేదు. ఒకసారి వెలిగించి చూసి, "ఇవన్నీ ఇంతే మేడమ్, మన వంటలకి ఆగవు. ఈ సెన్సార్ పీకేసి మామూలు వాల్వ్ వేసి డైరెక్ట్ చేసేస్తాను, మళ్లీ కంప్లయింట్ రాదు. అందరూ అదే చేయించుకుంటున్నారు" అన్నాడు. అది కావాలనే ఈ హాబ్ కొన్నామండీ అని చెప్పాను, అమ్మకి వాసన తెలియదని కూడా చెప్పాను. "ఏం కాదులెండి, ఇన్నేళ్లూ ఏమైంది?" అన్నాడు. పైగా బొటనవేలు నొప్పితో ఉన్న అమ్మ కూడా "తీయించెయ్యవే" అంటోంది. నేను ఒప్పుకోలేదు, ఆయన్ని పంపించేశాను. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఎందరి ఇళ్లలో ఇలా డైరెక్ట్ చేసేసి ఉంటారో. పైకి హాబ్ అలాగే కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు ఆగుతుందిలే అన్న ధీమాతో ఉంటారు, లోపల ఆపేది మాత్రం ఉండదు.

తర్వాత కంపెనీ సర్వీసు మనిషి వచ్చేదాకా ఆ బర్నర్ వాడలేదు. ఆయన మూత తీసి చూపిస్తే కడ్డీ కొస మీద పాలూ నూనే మాడి నల్లటి పెచ్చు కట్టి ఉంది. మంట తగులుతున్నా వేడి లోపలికి అందడం లేదన్నమాట. సన్న గరుకు కాగితంతో దాన్ని మెల్లగా రుద్దాడు. కడ్డీ కాస్త పక్కకి వంగి, మంటకి దూరమైంది కూడా. గిన్నెలు తోమినట్టు స్టీలు పీచుతో గట్టిగా తోమితే అలా వంగుతుందట. దాన్ని నిటారుగా తెచ్చి, కింద నట్టు బిగించాడు. వెలిగించి చెయ్యి తీస్తే మంట నిలబడింది. "డైరెక్ట్ చెయ్యమని అడుగుతారేమో అనుకున్నానండీ" అన్నాడాయన. పెద్ద బర్నర్‌కి మాత్రం కొన్ని నెలల తర్వాత థర్మోకపులే పాడైంది. మార్చాల్సి వచ్చింది, ఆ ముక్క వెంటనే దొరకలేదు, ఆ రోజుల్లో వంట అంతా మిగతా రెండిటి మీదే.

ఇప్పుడు వారానికోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, పాత టూత్‌బ్రష్‌తో ఆ కొసలు నేనే తుడుస్తాను. తడి లేకుండా ఆరాకే మూతలు పెడతాను. అమ్మ ఎక్కువగా వాడే ముందు బర్నర్ అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది, తక్కువ సేపు నొక్కితే సరిపోవాలని. అయినా కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకి ఆ నొక్కడం ఇబ్బందే. చలికాలం పొద్దున్న అమ్మ ఎడమచేత్తో కుడిచేతి వేలుని అదిమి పట్టి వెలిగిస్తుంది. అది చూస్తే బాధగానే ఉంటుంది.

ఇంకో విషయం, కొన్న కొత్తలో నేను ఎవరికీ సరిగ్గా వివరించనిది. ఇది కాపాడేది బర్నర్ దగ్గర మాత్రమే. ట్యూబు, రెగ్యులేటర్, సిలిండర్ వాల్వ్‌లోని వాషర్, వీటిలో ఎక్కడ లీకైనా ఎఫ్ఎఫ్‌డీకి తెలియదు. హాబ్ బిగించినప్పుడు కార్పెంటర్ కింద అందంగా తలుపులు పెట్టి సిలిండర్‌ని లోపల దాచేశాడు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, పైకి పోదు, నేలబారుగా పరుచుకుంటుంది. మూసిన అరలో లీకైతే అక్కడే పేరుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. గ్యాస్ ఏజెన్సీ నుంచి తనిఖీకి వచ్చినాయన ఆ తలుపులు తీసేయమన్నాడు, తీసేశాం. వంటిల్లు అంత అందంగా లేదు, ఫర్వాలేదు. ట్యూబు నారింజ రంగు సురక్షా ట్యూబే, లోపల స్టీలు తీగ అల్లిక ఉండేది. గడువు 5 ఏళ్లు, దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. మధ్యలో అతుకు లేకుండా, కంటికి కనిపించేలా పెట్టించాం. సిలిండర్ మార్చిన ప్రతిసారీ జాయింట్ల మీద సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తాను. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు మా వీధిలో ఇంకా ఉంది, వద్దని కనిపించిన వాళ్లందరికీ చెప్తూనే ఉన్నాను.

అమ్మ కోసం గ్యాస్ లీక్ అలారం కూడా కొని, నేలకి జానెడు ఎత్తులో పెట్టించాం. శానిటైజర్ ఒలికినా మోగుతుంది, అప్పుడు విసుగే. తీసేయాలని మాత్రం అనుకోలేదు. అది మోగితే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి బయటికి వచ్చేయమని అమ్మకి చెప్పి పెట్టాను. గ్యాస్ లీకులకి ఎమర్జెన్సీ నంబరు 1906, పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అంటించాను.

కొనమంటానా అంటే, ఇంట్లో ఎవరుంటారన్నదాన్ని బట్టి చెప్తాను. వాసన తెలియని వాళ్లు, మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు, ఒంటరిగా వండుకునేవాళ్లు ఉంటే తప్పకుండా కొనండి. ఖరీదు ఎక్కువే అయినా మాకు ఆ ఒక్క ఆదివారం చాలు. మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీసు లేకపోతే, ఆ కొసలు తుడిచే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోతే మాత్రం ఒకసారి ఆలోచించండి, ఎందుకంటే మొరాయించిన రోజున డైరెక్ట్ చేసేస్తాననే మనిషే ముందు దొరుకుతాడు. మాకు మళ్లీ కొనాల్సి వస్తే అన్ని బర్నర్లకీ ఎఫ్ఎఫ్‌డీ ఉన్నదే తీసుకుంటాను. కాకపోతే ఈసారి అమ్మని షాపుకి తీసుకెళ్లి, ఆవిడ వేలికి ఏ నాబ్ తేలిగ్గా నొక్కుడు పడుతుందో చూసి.