లిస్టర్ రకం ఆయిలింజను: ఆ చప్పుడు బేరింగుది కాదు, కీది

650 ఆర్‌పీఎం, 6 హెచ్‌పీ, రెండు పెద్ద ఫ్లైవీళ్లు. ఈ ఇంజను గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఇంగ్లండు డర్‌స్లీలో తయారైన అసలుదైనా, రాజ్‌కోట్ నకలైనా, పాత ఇనుము కొట్టునుంచి వచ్చినదానికి లేనివి దాదాపు అవే: హ్యాండిలు, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు కింది కొసన ఉండే బేరింగు) కింద నూనెలో మునిగి చిమ్మే డిప్పరు, ఫ్లైవీలును షాఫ్టుకు బిగించే ఇనుప కీలు. డిప్పరు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పకండి, ఆ బేరింగుకు నూనె అందేది దానితోనే.

నా కోపమంతా రెడీమేడ్ గిబ్ కీ (ఒక కొసన తల ఉన్న వాలు కీ) మీద. పైకి చక్కగా దిగింది, సుత్తి దెబ్బకు బిగిసింది కూడా. కొన్నాళ్లకు లోడు లేనప్పుడు టక్ టక్‌మని మొదలైంది. విన్నవాళ్లంతా బిగ్ ఎండ్ పోయిందన్నారు. విప్పి చూస్తే షెల్సు (ఆ బేరింగు లోపలి అరచిప్పలు) బాగానే ఉన్నాయి. ఫ్లైవీలు బొడ్డు (షాఫ్టు దూరే నడిమి భాగం) దగ్గర, కీ పక్కనుంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది. అసలు గుర్తు అదే. పేలినప్పుడు షాఫ్టు చక్రాన్ని తోస్తుంది, కంప్రెషన్‌లో చక్రం షాఫ్టును తోస్తుంది; కీ వదులైతే ప్రతిసారీ దెబ్బే. వదిలేస్తే గాడి వెడల్పవుతుంది.

కీకి సాధారణంగా 100 మి.మీ.కు 1 మి.మీ. వాలు ఉంటుంది. కొట్లో కీ వాలు పాత గాడి వాలుతో కలవక ఒక కొసనే పట్టింది. మందం కాస్త ఎక్కువున్న ఈఎన్-8 రకం ఉక్కు కడ్డీతో చేయించుకోండి. పక్కలు ఊగకుండా, చేత్తో జారేలా ఉండాలి. పై ముఖానికి ఎక్కడ రాసుకుంటోందో చూపే ప్రష్యన్ బ్లూ నీలం రంగు పలచగా పూసి, మెల్లగా తట్టి, బయటికి తీసి, రుద్దుకున్న చోటే ఆకురాయి వేయాలి. పొడవునా ముప్పాతిక వంతు పట్టేదాకా ఇదే పని. తలకూ బొడ్డుకూ మధ్య చీల దూరేంత సందు ఉంచండి, లేకపోతే మళ్లీ ఊడదు. మరీ బాదితే పోత ఇనుము బొడ్డు చీలుతుంది. కొన్ని గంటలు నడిచాక ఇంకోసారి బిగించాలి.

ఈ టక్ టక్ మొదలవకముందు, కొత్త షెల్సుతో ఇంజను చప్పుడు తగ్గిందని మెచ్చుకున్నాను. అందులో సగం, అప్పటికింకా బిగుతుగా ఉన్న కీ వల్లే.

కీ తలకు రేకు మూత తప్పనిసరి, పంచె కొస చిక్కితే ప్రాణం మీదికొస్తుంది.

బావి పంపుకు రోజూ కాసేపు నడిపే నాకు ఇప్పుడిది సరిపోతోంది. జనరేటరుకు పెట్టేవాళ్ల సంగతి వేరు. దగ్గర్లో లేత్ లేకపోతే మాత్రం, కీలతో సహా దొరికే ఇంజనుకు కాస్త ఎక్కువైనా పెట్టడమే మేలు.