నాన్న మామియా లెన్సు, నా ఫ్యూజీ కెమెరా: ఏడాది వాడిన తర్వాత

కాకినాడలో మా నాన్నగారి స్టూడియో మూసేశాక బీరువాలో మిగిలినవి మామియా 645 1000ఎస్ కెమెరా, దానికి బిగించి ఉన్న సెకోర్ సి 80 ఎం.ఎం. ఎఫ్/1.9 లెన్సు, రెండు నికాన్ లెన్సులు. నిరుడు నేను ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ 50ఎస్ 2 బాడీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాని సొంత లెన్సు కొనడానికి డబ్బులు మిగల్లేదు. అప్పుడు బీరువా తాళం తీశాను. ఆ మూడు లెన్సులనూ అడాప్టర్లతో తగిలించి ఏడాదిగా వాడుతున్నాను. ఇక్కడ ఎక్కువగా మామియా లెన్సు గురించే చెప్తాను, నా మనసు దాని మీదే నిలిచింది కాబట్టి.

పాత లెన్సు కొత్త కెమెరాకి పనికొస్తుందా అన్నది ముందు రెండు కొలతల్లో తేలుతుంది. మొదటిది, మౌంటు (కెమెరాకి లెన్సు బిగించే రింగు) నుంచి ఫిల్ముకి ఉండాల్సిన దూరం. మామియా 645లో అది 63.3 మిల్లీమీటర్లు. జీఎఫ్ఎక్స్‌లో లోపల అద్దం లేదు కాబట్టి మౌంటు నుంచి సెన్సర్‌కి 26.7 మాత్రమే. మధ్యలో మిగిలిన 36.6 మిల్లీమీటర్లను అడాప్టర్ నింపుతుంది. అందులో గాజు ఉండదు, కేవలం ఒక గొట్టం. రెండో కొలత, లెన్సు లోపలికి వేసే వెలుగు వలయం ఎంత పెద్దదన్నది. జీఎఫ్ఎక్స్ సెన్సర్ 43.8 x 32.9 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకి దాదాపు 55. నికాన్ లెన్సులు 35 ఎం.ఎం. ఫిల్ము కోసం చేసినవి, వాటికి 43 వరకూ వెలుగు పడితే చాలు. మామియా లెన్సు 56 x 41.5 మిల్లీమీటర్ల ఫ్రేము కోసం పుట్టింది. ఈ సెన్సర్ దానికి చిన్నదే.

అందుకే నికాన్ 50 ఎఫ్/1.4 తగిలించి గోదావరి గట్టు మీద దూరంగా ఉన్న పడవలు తీస్తే నాలుగు మూలలూ నల్లబడ్డాయి. ఎఫ్/8కి తిప్పితే (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం చిన్నదవుతుంది) తగ్గుతుందనుకున్నాను. తగ్గకపోగా మూలల్లో నలుపు గీత గీసినట్టు తేలింది. దగ్గరి మనిషిని తీస్తే మాత్రం అంత కనిపించదు, ఎందుకంటే దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ లెన్సు ముందుకి జరిగి వెలుగు వలయం కొంచెం పెరుగుతుంది. నికాన్ లెన్సులే ఉన్నవాళ్ళు కెమెరాలో 1:1 పెట్టుకుని తీయండి. చతురస్రం ఫ్రేములో మూల నుంచి మూలకి 46.5 మిల్లీమీటర్లే, నలుపు దాదాపు బయటికి పోతుంది. 38 మెగాపిక్సెల్స్ మిగులుతాయి కూడా. 105 ఎం.ఎం. ఎఫ్/2.5 అయితే ఫ్రేము నిండా చక్కగా పరుచుకుంది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు అడాప్టర్ సంగతి. నాకు ఎక్కువ రోజులు వృథా అయింది దీని దగ్గరే. మొదట ఆన్‌లైన్‌లో తక్కువ ధరది తెప్పించాను. లెన్సు బిగుతుగానే కూర్చుంది. ఫోటోల్లో మాత్రం కుడివైపు పదునుగా, ఎడమవైపు మెత్తగా వస్తోంది. లెన్సు కిందపడి ఉంటుందేమోనని వారం పాటు నాన్నని అడుగుతూనే ఉన్నాను. "నా చేతిలో అది ఎప్పుడూ పడలేదురా" అని ఆయన గట్టిగా చెప్పారు. గోడకి న్యూస్‌పేపర్ అంటించి, ట్రైపాడ్ మీద నిటారుగా పెట్టి తీసి చూశాను. ఎఫ్/8 దగ్గర అక్షరాలు రెండు వైపులా బాగానే ఉన్నాయి, ఎఫ్/1.9 దగ్గర ఎడమ కాలమ్ అలుక్కుపోయింది. చివరికి అడాప్టర్‌ని మా వీధి చివర లేత్ షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి ఆయన వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు చోట్ల కొలిచారు. ఒకవైపు 36.6, దానికి ఎదురుగా 36.4. కంటికి ఆనని తేడా. కానీ ఎఫ్/1.9 దగ్గర లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య తట్టుకునే తేడా మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది. రెండు పదో వంతులంటే ఫోటో పాడైనట్టే. ఫాస్ట్ లెన్సు, అంటే రంధ్రం బాగా పెద్దగా తెరుచుకునేది, ఎంత మంచిదైనా, మధ్యలో ఉన్న గొట్టం వంకరగా ఉంటే ఆ లెన్సు ఎందుకూ పనికిరాదు.

దాని ధరకి మూడింతలు పెట్టి రెండోది కొన్నాను. అన్ని వైపులా ఒకే మందం ఉంది, కింద ట్రైపాడ్ పాదం కూడా ఉంది. లోపలి గోడలు మాత్రం కొంచెం నిగనిగలాడుతున్నాయి. కిటికీ ఎదురుగా తీస్తే ఫోటో మధ్యలో పాలు కలిపినట్టు తెల్లటి పొర వస్తోంది. నాన్న దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూసి, "నల్ల వెల్వెట్ అంటించు, ఎన్‌లార్జర్‌లో నేనూ అదే చేసేవాణ్ణి" అన్నారు. ఫిల్ము నుంచి ప్రింట్లు పెద్దవి చేసే యంత్రం అది. అడుగు వెల్వెట్ గుడ్డ సరిపోయింది. పొర పోయింది, నలుపు నలుపుగా వస్తోంది.

ఇంకో రెండు సంగతులు కొత్తవాళ్ళకి తెలియాలి. కెమెరా మెనూలో లెన్స్ లేకుండా షూట్ చేయడాన్ని ఆన్ చేయకపోతే షట్టర్ పడదు. అక్కడే 80 ఎం.ఎం. అని మనమే అంకె ఇవ్వాలి, అప్పుడే చేతి వణుకుని సరిచేసే లోపలి స్టెబిలైజేషన్ సరిగ్గా పనిచేస్తుంది. ఆ అంకె ఇచ్చాక 1/30 సెకను దగ్గర కూడా చేత్తో పట్టుకుని తీయగలుగుతున్నాను. ఇక ఈ మామియా లెన్సు పక్కన ఏ, ఎం అని రాసి ఉన్న చిన్న మీట ఒకటి ఉంటుంది. మొదటి రోజు రింగు ఎఫ్/5.6 మీద పెట్టి తీసినవన్నీ ఎఫ్/1.9లాగే వచ్చాయి. మీట 'ఏ' అక్షరం మీద ఉంటే పాత కెమెరా బాడీ తోస్తేనే రంధ్రాన్ని చిన్నది చేసే బ్లేడ్లు మూసుకుంటాయట, అడాప్టర్‌కి ఆ తోసే ఏర్పాటు లేదు. ఎం వైపు తిప్పితే రింగు చెప్పినట్టు వింటుంది. అది కూడా నాన్న చెప్పాకే తెలిసింది.

లెన్సు అసలు ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఉప్పాడలో. జాందానీ నేసే ఒక మామ్మగారి ఇంట్లో మగ్గం గుంట పక్కన ఒకటే కిటికీ. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. మీటరు దూరం నుంచి ఎఫ్/1.9తో తీస్తే పదునుగా ఉండేది రెండు సెంటీమీటర్ల లోతు మాత్రమే, స్క్రీన్ మీద పూర్తిగా పెద్దది చేసి చూస్తే అంతకంటే తక్కువ. వ్యూఫైండర్‌లో ఆవిడ కన్నుని పెద్దది చేసి చూస్తూ, రింగు అటూ ఇటూ తిప్పుతూ, ఆవిడ ఊపిరి తీస్తూ ముందుకి వంగినప్పుడల్లా మళ్ళీ సరిచేసుకోవాలి. "ఇంకా ఎంతసేపు బాబూ, పని ఆగిపోతోంది" అన్నారు. "ఒక్క నిమిషం మామ్మగారూ, అలాగే చూడండి" అన్నాను. పన్నెండు తీస్తే నాలుగింటిలో కన్ను దొరికింది. మిగతావాటిలో కళ్ళజోడు ఫ్రేము మీద గీతలు స్పష్టంగా ఉన్నాయి, వెనక కన్ను మసకగా ఉంది.

ఆ నాలుగూ చూస్తే ఈ కష్టమంతా ఎందుకో అర్థమవుతుంది. ఎఫ్/1.9లో కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అయినా చర్మం మీద పలచటి వెలుగు పొర పరుచుకుని ఉంటుంది. చెవి దగ్గరికి వచ్చేసరికి మెల్లగా కరిగిపోతుంది, వెనక పోగులన్నీ రంగుల ఆవిరిలా మారతాయి. ముక్కుపుడక మీద కిటికీ మెరిసిన చోట ఊదా అంచు వచ్చింది, జరీ మీద కూడా. ఎఫ్/2.8కి తిప్పితే ఊదా చాలా తగ్గుతుంది, వెలుగు పొర పోతుంది. ఎఫ్/4 దగ్గర పాత లెన్సు అని ఎవరూ అనుకోరు. ముఖాలకి నేను ఎఫ్/2.8 వాడతాను. ఎఫ్/1.9 వయసు మళ్ళినవాళ్ళకీ, చీకటి గదులకీ దాచుకుంటాను.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ సెన్సర్ మీద 80 ఎఫ్/1.9 అంటే, ఫుల్ ఫ్రేమ్ (35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్ ఉన్న) కెమెరా లెక్కలో సుమారు 63 ఎఫ్/1.5. వెనక మసక కోసమే అయితే ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎఫ్/1.4 తోనూ దగ్గరదగ్గరగా వస్తుంది. నాకు నచ్చింది అది కాదు. పెద్ద వలయం మధ్య భాగాన్నే వాడుకుంటున్నాం కాబట్టి మూలలు కూడా శుభ్రంగా ఉంటాయి, ముఖాన్ని ఫ్రేములో ఎక్కడ పెట్టినా భయం ఉండదు. 35 ఎం.ఎం. లెన్సుని ఈ సెన్సర్ మీద సాగదీస్తే ఆ ధైర్యం రాదు.

ఎండలో మాత్రం ఇబ్బందే. మధ్యాహ్నం ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/1.9కి 1/4000 సెకను షట్టర్ కూడా సరిపోదు. ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే కదిలేవి వంకరపోతాయి. వెలుగుని తగ్గించే నల్ల గాజు, 67 ఎం.ఎం. ఎన్‌డీ ఫిల్టర్, సంచిలో ఉండాల్సిందే. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళను. తలంబ్రాలు మన ఫోకస్ కోసం ఆగవు. మా సముద్రపు గాలికి ఫంగస్ భయం కూడా ఉంది. నా లెన్సు ముందు గాజు మీద సాలెగూడులాంటి మచ్చ ఉంటే కోఠిలో ఒక మెకానిక్ శుభ్రం చేసి, రింగుకి కొత్త గ్రీజు పెట్టి ఇచ్చారు. ఇప్పుడు సిలికా జెల్ వేసిన స్టీలు డబ్బాలో ఉంటుంది. కొనేటప్పుడు టార్చ్ వేసి లోపల చూసి కొనండి.

ఒక స్నేహితుడి పెంటాక్స్ 67 లెన్సు, 105 ఎం.ఎం. ఎఫ్/2.4, ఒక పూట వాడాను. ముఖాలకి దానిది ఇంకా అందమైన దూరం. కానీ అడాప్టరే 58 మిల్లీమీటర్ల పొడవు, మెడ లాగేసింది. పాత కాపీల్లో థోరియం కలిపిన గాజు పసుపెక్కుతుంది. ఆయన దాన్ని రోజుల తరబడి ఎండలో పెట్టి తెల్లబరిచారు.

పోయిన నెల ఉప్పాడ వెళ్ళి మామ్మగారికి రెండు ప్రింట్లు ఇచ్చాను, 12 x 16 అంగుళాలవి. ఒకటి ముఖం, ఒకటి ఎఫ్/4లో తీసిన చేతులు, నేత మీద పువ్వు కడుతున్నప్పటిది. ముఖం ఉన్నదాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టారు. చేతులది కళ్ళజోడు పైకి తోసి దగ్గరగా పట్టుకున్నారు. పువ్వు పక్కన వేలితో చూపించి, "ఇక్కడ ఒక పోగు తప్పింది బాబూ, ఆ రోజు చూసుకోలేదు" అన్నారు. మగ్గం మీద పక్కన కూర్చునే ఆవిడని పిలిచి, ఆ పోగు ఆవిడకీ చూపించారు.