రౌటర్‌లోనే వీపీఎన్: నల్గొండ ఇంటికి, మిర్యాలగూడ ఆఫీసుకు మధ్య వైర్‌గార్డ్

మిర్యాలగూడలో రైస్ మిల్లుల లెక్కలు చూసే చిన్న ఆఫీసు మాది. ఇల్లు నల్గొండలో. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 గడువు 11న, 3బీ గడువు 20న. ఆ రోజుల్లో రాత్రి ఏ వేళకైనా ఆఫీసు కంప్యూటర్‌లోని ట్యాలీ నాకు ఇంట్లో అందాలి. యాసంగి ధాన్యం మిల్లులకు చేరే నెలల్లో అయితే మరీ. అందుకని రెండు చోట్లా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) నడిచే రౌటర్లు పెట్టి, వాటి మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ వేశాను, అంటే ఇంటర్నెట్ మీదుగానే ఇతరులు చదవలేని సొంత దారి. ఏళ్లుగా దాని మీదే పని చేస్తున్నాను. చిన్న ఆఫీసుకు ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు నాకు కనిపించలేదు. అయితే రౌటర్ కొనడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది, అది రౌటర్‌లో ఉండదు.

మీ బ్రాడ్‌బ్యాండ్‌కు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా పిలవగల ఇంటర్నెట్ చిరునామా ఉందా? రౌటర్ పేజీలో వాన్ అడ్రస్ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీకు ఇచ్చింది ఎంతోమంది పంచుకునే చిరునామా. బయటి నుంచి ఎవరూ మీ రౌటర్‌ను పిలవలేరు, రౌటర్‌లో పోర్టు (బయటి పిలుపు లోపలికి వచ్చే నంబరు తలుపు) ఎంత తెరిచినా లాభం లేదు. రెండు చోట్లా పబ్లిక్ ఐపీ అక్కరలేదు, ఒక చోట ఉంటే చాలు. మేము ఆఫీసు కనెక్షన్‌కు అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని పబ్లిక్ ఐపీ తీసుకున్నాము. ఇంటి రౌటర్ తానే ఆఫీసును పిలుస్తుంది. దారి మూసుకుపోకుండా అందులో పర్సిస్టెంట్ కీపలైవ్ (ఇంతసేపటికోసారి చిన్న సంకేతం పంపే సెట్టింగు) 25 సెకన్లు పెట్టాలి.

ఇంత శ్రమ ఎందుకు, దూరంలో ఉన్న కంప్యూటర్‌ను మన తెర మీద నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని రౌటర్‌లో తెరిచేస్తే సరిపోతుంది కదా అని చాలా ఆఫీసుల్లో అంటారు. దయచేసి అలా చేయవద్దు. తెరిచి ఉన్న 3389 కోసం ఇంటర్నెట్‌ను రాత్రింబగళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. ఒక్క పాస్‌వర్డ్ దొరికితే మిల్లుల లెక్కలన్నీ తాళం వేసి డబ్బు అడుగుతారు. ఆ లెక్కలు మనవి కావు, మనల్ని నమ్మి ఇచ్చినవారివి. వైర్‌గార్డ్ వాడే యూడీపీ పోర్టు 51820, సరైన కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే పొడవైన రహస్య సంకేతం) లేనివారికి అసలు జవాబే ఇవ్వదు. అక్కడ ఏదైనా ఉందన్న సంగతి కూడా వారికి తెలియదు.

వేగం సంగతి పెద్దగా చెప్పనక్కరలేదు. ఇలాంటిదే అయిన పాత ఓపెన్‌వీపీఎన్ చవక రౌటర్ల ప్రాసెసర్ మీద బరువుగా నడుస్తుంది. వైర్‌గార్డ్ 2020లో లైనక్స్ కెర్నల్ (ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి గుండెలాంటి భాగం) 5.6లోనే చేరింది, పని అంతా కెర్నల్‌లోనే జరుగుతుంది కాబట్టి అదే రౌటర్‌లో హాయిగా సాగుతుంది. రౌటర్‌లో కనీసం 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉండేలా చూసుకోండి. పీపీటీపీ అనే పాత వీపీఎన్ జోలికి మాత్రం పోవద్దు, దాని రక్షణ ఏనాడో బద్దలైంది.

అసలు పరీక్ష కరెంటు పోయి వచ్చినప్పుడు. ఎండాకాలం గాలిదుమారాల రోజుల్లో మా వీధిలో ఇది మామూలే. ఇంటి రౌటర్లలో చాలావాటికి గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు రాగానే రౌటర్ వెనకటి తేదీతో లేస్తుంది. వైర్‌గార్డ్ పిలుపులో సమయం కూడా ఉంటుంది. అవతలి రౌటర్ తాను చివరిసారి చూసిన సమయం కన్నా పాతదైతే, ఎవరో పాత పిలుపును మళ్లీ పంపుతున్నారని దాన్ని పక్కన పడేస్తుంది. చూడటానికి సెట్టింగులన్నీ సరిగానే ఉంటాయి, టన్నెల్ మాత్రం కలవదు. గడియారం ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకోగానే దానంతట అదే కలుస్తుంది. కాబట్టి ఆ సమయం తెచ్చే దారి టన్నెల్ గుండా పోకూడదు. అలవుడ్ ఐపీస్‌లో (ఏ చిరునామాలకు వెళ్లేది టన్నెల్‌లోకి పోవాలో చెప్పే సెట్టింగు) 0.0.0.0/0, అంటే అన్ని చిరునామాలూ అని రాసి ఇంటి ట్రాఫిక్ అంతా టన్నెల్‌లోకి తోస్తే, సమయం లేక టన్నెల్ కలవదు, టన్నెల్ లేక సమయం అందదు. మా ఇంటి రౌటర్‌లో ఆఫీసు నెట్‌వర్క్ ఒక్కటే రాశాను. పిల్లల వీడియోలు కూడా ఆఫీసు లైను మీద పడవు. ఇది పెట్టాక రౌటర్‌కు, ఫైబర్ పెట్టెకు కలిపి చిన్న యూపీఎస్ కూడా తగిలించాను. ఈ ఏర్పాటులో డబ్బుకు తగిన ఫలితం అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది అదే.

లోపలి కంప్యూటర్లకు రౌటర్ ఇచ్చే చిరునామాలు రెండు చోట్లా 192.168.1 వరుసలోనే ఉంటే ఏ కంప్యూటర్ ఎక్కడిదో రౌటర్‌కు తెలియదు. ఇంట్లో వరుసను 192.168.20కి మార్చండి. ఇది మొదటి రోజే చేయాలి, తర్వాత ప్రింటర్లూ కెమెరాలూ అన్నీ మళ్లీ సర్దుకోవాలి.

టన్నెల్ ఉంది కదా అని ట్యాలీ డేటా ఫోల్డర్‌ను ఇంటి కంప్యూటర్ నుంచి నేరుగా తెరవడం నేను ఒప్పుకోను. ప్రతి చిన్న చదువుకూ మిర్యాలగూడ దాకా పోయి రావాలి, నత్తనడక. రాస్తుండగా లైను తెగితే డేటా చెడిపోయే ప్రమాదమూ ఉంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు కంప్యూటర్‌లోనే ట్యాలీ నడపండి. లైను తెగినా అక్కడ పని అక్కడే నిలిచి ఉంటుంది.

లోపం లేదని కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కొత్త వెర్షన్‌ను మామూలు పద్ధతిలో వేస్తే సెట్టింగులు మిగులుతాయి కానీ, మనం విడిగా చేర్చిన వైర్‌గార్డ్ ప్యాకేజీలు పోతాయి. మళ్లీ వేసేదాకా టన్నెల్ ఉండదు. అందుకే 20వ తేదీ దాటాక, ఆఫీసులో ఉన్నప్పుడే ఆ పని పెట్టుకుంటాను. ఇక నాకు బాగా నచ్చింది మనిషికొక కీ ఇవ్వగలగడం. మా గుమాస్తా వేరే ఉద్యోగానికి వెళ్లినప్పుడు రౌటర్‌లో అతని పేరున ఉన్న పీర్‌ను (అతని కీ ఉన్న నమోదు) తీసేసి సేవ్ చేసి, మార్పు అమల్లోకి రావడానికి వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌ను రీస్టార్ట్ చేశాను. ఎవరి పాస్‌వర్డూ మార్చవలసిన అవసరం రాలేదు.