దూరపు పరికరాల గదికి కరెంటు లైను వేయించేవారికి హెచ్చరిక: ‘దగ్గరి బోర్డు’కు ఒప్పుకోకండి

ప్రధాన భవనానికి దూరంగా ఉన్న మా పరికరాల గదికి కరెంటు లైను వేసే పనిని, పరికరాలు అమ్మిన సంస్థకే అప్పగించాము. అలాంటి పని చేయించబోయేవారు ఈ కింది సంగతులు తప్పక గమనించాలి.

మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను తేవలసి ఉండగా, ఆ సంస్థ మనుషులు దారిలో ఉన్న మోటారు షెడ్డులోని చివరి స్విచ్ బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులును 150 మీటర్లు లాగి, దగ్గరి పాయింటు కనుక ఖర్చు కలిసివస్తుందని చెప్పారు. పని ముగిశాక గదిలోని సాకెట్లో మీటరు పెట్టి, 231 వోల్టులు చూపించి సంతకం తీసుకున్నారు. అప్పటికి గదిలో ఒక్క పరికరమూ నడవడం లేదు. కరెంటు పారనిదే తీగలో వోల్టేజీ పడిపోదు కాబట్టి, ఎంత సన్నని కేబులైనా ఆ పరీక్షలో నెగ్గుతుంది.

ఆ మందం రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓముల నిరోధం ఉంటుంది. రానుపోను 300 మీటర్లకు అది 2.2 ఓములు, అంటే 10 ఆంపియర్ల లోడుకే 22 వోల్టులు దారిలోనే పోతాయి. షెడ్డు వరకు వచ్చిన లైనులో పోయేది దీనికి అదనం. అదే లైను మీద ఉన్న షెడ్డు మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక, అది ఆన్ అయిన ప్రతిసారీ మా పరికరాలు ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతున్నాయి.

నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. గది చివర ఫేజు, న్యూట్రల్ కలిసిపోయినా ఈ కేబులులో 105 ఆంపియర్లకు మించి పారదు. వారు బిగించిన 32 ఆంపియర్ల సి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడి సరఫరాను ఆపే స్విచ్) తక్షణం పడిపోవాలంటే కనీసం 160, కచ్చితంగా పడాలంటే 320 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు పారదు కనుక, ఎంసీబీ వేడెక్కి పడేదాకా కేబులు కాలుతూనే ఉంటుంది. ప్రాణాలతో ముడిపడిన ఈ లెక్కను పని చేసేవారు వేసి చూడకపోవడం క్షమించరానిది.

దూరాన్ని షెడ్డు నుంచి కాక మెయిన్ బోర్డు నుంచి కొలిపించండి. అక్కడే మీ గదికంటూ వేరే ఎంసీబీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) పెట్టించండి. ఇదే 150 మీటర్లకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేస్తే అదే 10 ఆంపియర్ల లోడుకు నష్టం 5.5 వోల్టులకు తగ్గుతుంది. ఈ లెక్కను కొటేషన్‌లోనే రాసి ఇమ్మనండి. పరికరాలన్నీ నడుస్తుండగా, అదే సరఫరా మీద ఉన్న పెద్ద మోటారును స్టార్ట్ చేయించి, ఆ క్షణంలో మీ సాకెట్లో మీటరు ఎంత చూపుతుందో స్వయంగా చూసిన తరువాతే సంతకం చేసి, చివరి వాయిదా చెల్లించండి.