అరవై దాకా స్పోర్ట్స్ కారు, ఆ పైన పొదుపు బండి: నల్లగొండ రోడ్లకు టియాగో ఈవీ

పికప్ ఉండాలి, పెట్రోలు బంకు మొహం చూడొద్దు, క్లాక్ టవర్ దగ్గర సందుల్లో సులువుగా తిరగాలి. ఈ మూడూ ఒకే బండిలో అడిగేవాళ్ల కోసం టాటా టియాగో ఈవీని 24 యూనిట్ల బ్యాటరీ మోడల్‌లో చూద్దాం. బ్యాటరీ సైజుకు వాడే కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు మీటర్ మీది యూనిటే. 19.2 యూనిట్ల చిన్న బ్యాటరీ ఊళ్లో తిరగడానికి సరిపోతుంది, హైదరాబాద్ రాకపోకలున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

సున్నా నుంచి 60 కిలోమీటర్ల వేగానికి 5.7 సెకన్లని కంపెనీ లెక్క. స్పోర్ట్ మోడ్‌లో సిగ్నల్ దగ్గర తొక్కితే ఆ లాగుడు తెలుస్తుంది. మోటార్ 55 కిలోవాట్లు, టార్క్ (అంటే తిప్పే బలం) 114 న్యూటన్ మీటర్లు. ఈ రెండు అంకెల లెక్క కట్టి చూస్తే మోటార్ సుమారు 4,600 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా పూర్తి టార్క్ ఇవ్వగలదు. అది దాటాక పవర్ అంతే ఉంటుంది, లాగుడు మాత్రం తగ్గుతూ పోతుంది. అందుకే ఊళ్లో పులిలా ఉన్న బండి నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే ఎక్కాక మామూలుదైపోతుంది. 80లో పోతున్న బస్సును దాటాలంటే ఎదురుగా ఖాళీ బాగా ఉందో లేదో చూసుకోవాల్సిందే.

టైర్లు 175/65 ఆర్14, అంటే సన్నవే. వెడల్పు టైర్లు వేస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుంది, కానీ చార్జికి వచ్చే కిలోమీటర్లు తగ్గుతాయి. కంపెనీ పొదుపు వైపే మొగ్గింది, అది సరైన పనే. దాని ఫలితం మాత్రం కంకర, ఇసుక ఉన్న చోట తెలుస్తుంది: గట్టిగా తొక్కితే ముందు చక్రాలు జారుతాయి. అలాంటి చోట సిటీ మోడ్ పెట్టుకోండి. ఎండలో నడిచి వచ్చిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయకండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచిందే లెక్క.

ఇక మైలేజ్. ఫుల్ చార్జికి కంపెనీ మొదట ప్రకటించిన 315 కిలోమీటర్లను మర్చిపోండి. ఏసీ వేసుకుని 80లో నిలకడగా పోతే 190 నుంచి 200, 100లో పోతే 150 నుంచి 160 వస్తాయని అంచనా వేసుకోవచ్చు. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, తేడా అక్కడిదే. నల్లగొండ నుంచి ఎల్బీ నగర్ పోయి రావడం 200కు దగ్గర. 80లో పోయినా చివర్లో గుండె దడే, దారిలో ఒకసారి చార్జింగ్ పెట్టుకోవడం మేలు. ఫాస్ట్ చార్జర్ మీద 10 నుంచి 80 శాతానికి దాదాపు గంట పడుతుంది. పెద్ద కెపాసిటీ చార్జింగ్ గన్ దొరికినా ఆ టైమ్ పెద్దగా తగ్గదు, బండి తీసుకునేదే అంత.

మహబూబ్‌నగర్, అచ్చంపేట వైపు నుంచి శ్రీశైలం పోయేవాళ్లకు ఇంకో ముచ్చట. దోమలపెంట దాటాక కృష్ణా నది దాకా ఘాట్ దిగుడే. రీజెన్‌ను (కాలు తీయగానే మోటారే బండిని ఆపుతూ కరెంటు పుట్టించే ఏర్పాటు) 3వ లెవల్‌లో పెడితే బ్రేకుల మీద భారం తగ్గి బ్యాటరీలోకి కొంత కరెంటు తిరిగొస్తుంది. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు ఎక్కడికీ పోలేదు, రీజెన్ బలహీనపడి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. వెనక ఉన్నవి డ్రమ్ము బ్రేకులే. అందుకని ఘాట్‌కు కాస్త ముందు 100 శాతం నింపకండి. ఎక్కేటప్పుడు నలుగురితో ప్రతి 100 మీటర్ల ఎత్తుకు 0.4 యూనిట్ పైగా అదనంగా ఖర్చవుతుంది.

ఇంట్లో చార్జింగే అసలు తలనొప్పి. 15 ఆంప్స్ ప్లగ్గుతో 10 నుంచి 100 శాతానికి దాదాపు 9 గంటలు. అంతసేపు 14 ఆంప్స్ దాకా లాగితే వదులు సాకెట్ కరిగిపోతుంది. మీటర్ నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, లోడు ఎక్కువైతే ఆపే 20 ఆంప్స్ ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ వేయించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జర్ ఎర్రలైటు వేసి ఆగిపోతుంది, చాలామంది బండినే తిట్టుకుంటారు. మన రాతినేలలో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు నింపి వారానికోసారి నాలుగు బిందెల నీళ్లు పోయండి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

2024 నవంబర్‌లో ఇచ్చిన జీవో 41 ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణలో ఈవీలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. షోరూం కొటేషన్‌లో ఆ రెండు గడులూ సున్నాగా ఉన్నాయో లేదో చూశాకే అడ్వాన్స్ కట్టండి.